చిన్నాయన ఎత్తుకుపోయిన పైరాయి

తాండూరులో ఆ ఏడాది కాగ్నా నది పొంగలేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. లేకపోతే చదివేవాళ్లు కూడా మాలాగే అనవసరంగా పరుగెత్తాల్సి వస్తుంది.

అది యాభై ఆరో, యాభై ఏడో. వికారాబాదులో మెట్రిక్కును రెండో దండయాత్రలో గెలిచి, తాండూరులో ఒక బండల డిపోలో పనికి కుదిరాను. గనుల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చిన నాపరాళ్లను టేపు పెట్టి కొలవాలి, కొలిచినంతసేపూ గంభీరంగా ఉండాలి. మొదటిది వారంలో పట్టుబడింది. రెండోది ఇప్పటికీ రాలేదు.

ఉండేది మా చిన్నాయన ఇంట్లో. మా నాన్నకు తమ్ముడు, అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి. యాలాల్ దారిలో భూమి, తాండూరులో ఇల్లు. కంది పండించేవాడు. ఆయనను పిరికివాడన్నవాళ్లు అప్పటిదాకా లేరు. చేనులోకి అడవిపంది వస్తే కర్ర పట్టుకుని ఎదురు నిలబడ్డ మనిషి. ఆ పంది సంగతి మాకు చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ అది కొంచెం పెరిగేది. నేను తాండూరు చేరేనాటికి దున్నపోతంత అయింది.

చిన్నమ్మది మర్పల్లి వైపు. పెళ్లయి రెండేళ్లు. వయసులో నాకంటే ఏడాది పెద్ద, మాటలో ఇరవై ఏళ్లు పెద్ద. అప్పటి మర్యాద ప్రకారం మొగుడూ పెళ్లాలూ నలుగురిలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఆయన ‘ఇగో’ అంటే ఆమె పలకాలి. ఆమె ‘ఏమయ్యా’ అంటే ఆయన పలకాలి. ఒక సంసారం మొత్తం ఈ రెండు మాటల మీద నడుస్తుందా అని నాకు అనుమానంగా ఉండేది. నడుస్తుంది. అందులో ఒకటి పోతే ఎట్లా కుంటుతుందో కూడా చూశాను.

ఊరు ఉరికిన రోజుకు మూడు రోజులుగా ముసురు. ముందటి రోజే విసుర్రాళ్లకు గాట్లు కొట్టేవాళ్లు వచ్చి మా ఇంటి విసుర్రాయికి సుత్తీ ఉలీతో కొత్త గాట్లు పెట్టి పోయారు. అరిగిన రాయి మీద కంది వేస్తే పప్పు విరగదు, జారిపోతుంది. అందుకని ఏడాదికొకసారి ఆ పని తప్పదు. గాట్లు పెట్టాక రాతిపొడి అంతా దులపాలి, లేకపోతే వారం రోజులు పప్పుచారులో ఇసుక నములుతూ ఉండాలి. మా విసుర్రాయి నానమ్మ కాపురంనాటిది, బరువైనది. చిన్నమ్మ పురమాయించడంతో చిన్నాయన అరుగు మీద కూర్చుని పైరాయిని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, పాత బట్టతో తుడుస్తున్నాడు. చిన్నమ్మ తలకు పోసుకుని, పెరటి పంచలో తుండు చుట్టుకుని నిలబడి ఉంది. నేను మంచం మీద కూర్చుని ఉడకబెట్టిన అలసంద గుడాలు తింటూ, పని చేసే ఇద్దరినీ సమానంగా గమనిస్తున్నాను.

అప్పుడు రైలు వచ్చింది.

పొద్దుటి ప్యాసింజరు ఎప్పుడూ గంట ఆలస్యంగా రావాలి. అట్లా రావడం ఊరికి అలవాటు. ఎక్కేవాళ్లు ఇంట్లో తిని, చేయి కడుక్కుని, ఎదురింటివాళ్లతో కష్టసుఖాలు చెప్పుకుని అప్పుడు బయల్దేరేవాళ్లు. ఆ రోజు దానికేం పుట్టిందో, వేళకు వచ్చి కూత పెట్టింది. వికారాబాదులో పెళ్లికి పోవాల్సిన ముగ్గురు మనుషులు బజారులో ఉన్నారు. గుండె ఆగినంత పనై, నెత్తి మీద మూటలతో స్టేషను వైపు ఉరికారు.

మూడు రోజుల ముసురు, పక్కన నిండుగా పారుతున్న కాగ్నా, మూటలతో ఉరికే ముగ్గురు. బట్టల దుకాణం ఆయన చూశాడు, ఉరికాడు. ఆయన ఉరుకుతుంటే పక్క దుకాణం ఆయన ఉరికాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అడగాలంటే ఆగాలి కదా. సగం దూరం పోయాక ఎవరికో ఒక కారణం అవసరమైంది. కాగ్నా వచ్చేసిందన్నారు. ముందు కాళ్లు లేచాయి, కారణం వెనక నుంచి వచ్చి కలిసింది. మనుషులు చేసే చాలా పనులు ఇట్లాగే జరుగుతాయని నాకు తర్వాత తర్వాత అనిపించింది గాని, ఆ పొద్దున అనిపించలేదు. ఆ పొద్దున నేనూ ఉరికాను.

మేం స్టేషను చేరేసరికి, ఉరకడం మొదలుపెట్టిన ముగ్గురూ రైలెక్కి వెళ్లిపోయారు. వాళ్లకు ఈ సంగతి ఏనాటికీ తెలిసి ఉండదు. పెళ్లిలో కడుపునిండా తిని ఉంటారు. ముందు నడిపించేవాళ్లు మాయమయ్యేసరికి ఊరు ఆగలేక, పట్టాలు దాటి అవతలి మిట్ట ఎక్కింది.

మిట్ట మీద ఎవరేం తెచ్చుకున్నారో చూడడం మెట్రిక్కు కంటే పెద్ద చదువు. బట్టల దుకాణం ఆయన గజంబద్ద తెచ్చాడు. బట్టలన్నీ దుకాణంలోనే ఉన్నాయి. ఒక ముసలాయన చంకలో ఎడమకాలి చెప్పు ఉంది. ఒకామె ఉడుకుతున్న పప్పుగిన్నెను చీరకొంగుతో పట్టుకుని వచ్చి, అక్కడ కూడా అడుగంటుతుందేమోనని కలుపుతోంది. మా పక్కింటి హకీం సాబ్, ఊళ్లో సగం మందికి మందులిచ్చే మనిషి, ఖాళీ సీసాల బుట్ట తెచ్చాడు. మందులున్న సీసాలు దాని పక్కనే ఉండిపోయాయి. ఒంటరిగా నడవలేని ముసలి తల్లి కూడా ఇంట్లోనే ఉండిపోయింది. ఇంత వివరంగా ఎట్లా చెప్పగలుగుతున్నానంటే, అందరికంటే ముందు మిట్ట ఎక్కింది నేనే. నా చేతుల్లో ఏమీ లేదు. నోట్లో మాత్రం గుడాలు ఉన్నాయి.

అప్పుడు చిన్నాయన కనిపించాడు. రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని విసుర్రాయి పైరాయి మోసుకుని వస్తున్నాడు. వరద వస్తే కొట్టుకుపోని వస్తువు ఇంట్లో ఏదైనా ఉందంటే అదొక్కటే. అందులోనూ సగం.

ఆయన వెనక కొంతసేపటికి చిన్నమ్మ వచ్చింది. నెత్తికి తుండు అట్లాగే ఉంది. ఒక చేత్తో హకీం సాబ్ తల్లిని నడిపించుకుంటూ, ఇంకో చేత్తో దూడను లాక్కుంటూ వచ్చింది. మిట్ట ఎక్కి, ముసలమ్మను కూర్చోబెట్టి, ఊపిరి తీసుకుని, ముందు రాయి వంక చూసింది. తర్వాత దాన్ని పొదివిపట్టుకున్న మొగుడి వంక చూసింది. తుండు విప్పి జుట్టు దులుపుకుంది, అంతే. నేను నవ్వాను. భయం తీరాక నాకు నవ్వు వస్తుంది, అది ఆపడం నా చేతుల్లో లేదు. నాతో పాటు బట్టల దుకాణం ఆయనా నవ్వాడు. గజంబద్ద పట్టుకున్న మనిషికి నవ్వే హక్కు ఎక్కడిదో తెలియదు.

కాసేపటికి రైల్వే మనిషి ఒకడు వచ్చి ఇంతమంది ఇక్కడేం చేస్తున్నారని అడిగాడు. సంగతి తేలింది. అందరూ ఆకాశం వంక కోపంగా చూసి, తప్పంతా వానదే అన్నట్టు ఇళ్లకు పోయారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ‘ఏమయ్యా’ అనే మాట వినిపించలేదు.

చిన్నమ్మ అలగలేదు. అలిగిన మనిషి వండదు, తినదు, మూల కూర్చుంటుంది. ఈమె వేళకు వండేది, వడ్డించేది, నాతో, దూడతో, పక్కింటి ముసలమ్మతో హాయిగా నవ్వుతూ మాట్లాడేది. చిన్నాయనతో మాత్రం ఏ మాటైనా నా మీదుగానే పోయేది. ఆయన ఎదురుగా కూర్చుని తింటుంటే నా వైపు తిరిగి, చారు పోసుకుంటాడేమో మీ చిన్నాయినను అడుగు అనేది. ఆయనకు వినబడుతూనే ఉండేది. అయినా నేను అడగాలి, ఆయన నాకు చెప్పాలి, నేను ఆమెకు చెప్పాలి. ఈ లోపల చారు చల్లారేది. నేను లేని వేళ దూడ ద్వారా నడిచేది.

దీనికి తోడు విసుర్రాయి ఉంది. మరునాడు పొద్దున చూస్తే పైరాయికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. చిన్నాయన సంగతి కనుక్కోమని నన్ను పంపాడు.

“కొత్తగ వచ్చినామె కదా, బొట్టు లేకుంటె ఎట్ల?” అంది చిన్నమ్మ. “కన్యాదానం జేసి ఇస్తె వచ్చినదాన్ని నేను. మనసు పడి ఎత్తుకపోయినామె గామె. మర్యాద సెయ్యొద్దా?”

ఇక అక్కడి నుంచి ఆ రాయి మా ఇంట్లో సవతి అయింది. చిన్నాయన మంచినీళ్లు అడిగితే, ఎత్తుకుపోయినామెను అడగమని జవాబు వచ్చేది. వీపు దురద పెడుతోందంటే ఆమెకు గాట్లు కొత్తగా పెట్టించాం కదా, ఆనుకోమని చెప్పమనేది. నేను ఈ కబుర్లన్నీ అటూ ఇటూ మోసేవాణ్ని. దారిలో ఒకటి రెండు కలిపేవాణ్ని కూడా. అబద్ధం ఆడను, చిన్నాయన దుఃఖం నాకు మంచి కాలక్షేపంగా ఉండేది.

నెల గడిచాక కాలక్షేపం తగ్గింది. ఒక సాయంత్రం చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే నా మంచం మీద కూర్చున్నాడు. పంది ఊసు కూడా ఎత్తలేదు.

“అరే, ఆమె తిట్టినా మంచిగుండురా,” అన్నాడు. “రెండేండ్లు ఏమయ్యా, ఏమయ్యా అంటె సెవుల పడకపోయేది. గిప్పుడు అది ఒక్కటి ఇనబడక ఇల్లంత ఇల్లే గాదన్నట్టున్నది. నాకేం ఒద్దు. గా మాట ఒక్కసారి నోరార అంటె సాలు.”

హాస్యం పక్కన పెట్టి, హకీం సాబ్‌ను అడుగుదామన్నాను. నా జీవితంలో అట్లాంటి సందర్భాలు తక్కువ.

మరునాడు ఇద్దరం హకీం సాబ్ దగ్గరికి పోయాం. ఆయన కూడా అదే నేరం చేసినవాడే. కాకపోతే ఆయన తల్లి మూడు రోజులు దక్కనీ ఉర్దూలో వీధి వీధంతా వినేట్టు తిట్టి, నాలుగో రోజు కొడుక్కు ఖిచిడీ వండి పెట్టింది. చిన్నాయన ఆ విషయం చెప్పి అసూయపడేవాడు. భయమైతే మనిషి ఎందుకిట్లా చేస్తాడు, దీనికి మందేమన్నా ఉందా అన్నది ఆయన ప్రశ్న. హకీం సాబ్ నాడి పట్టుకుని చూశాడు. రాయి పట్టుకున్న చేయి కాబట్టి కాస్త ఎక్కువసేపే చూశాడు.

“పటేల్ సాబ్, భయమైతె దిమాగు ఆఖరుకు వస్తది,” అన్నాడు. “ముందుగాల కాళ్లు, ఎనుక చెయ్యి. పసిపిల్ల గుప్పిట్ల మీ వేలు పెట్టి సూడుండ్రి, గట్టిగ పట్టుకుంటది, ఇడువది. ప్యార్ ఉండి పట్టుకుంటదా? చేతికి గదొక్కటే తెలుసు. చేతిల ఏమున్నదో దాన్ని పట్టుకోవాలె. మీ చేతిల రాయి ఉండె. చెయ్యి మూసుకున్నది. ఇగ ఖతం. నా చేతిల ఖాళీ సీసాలుండె. అమ్మీజాన్‌కు గిదే చెప్పిన.”

ఆమె ఏమన్నదని నేను అడిగాను. గరిటె విసిరిందని, అప్పుడు కూడా తన చేయి తన ప్రమేయం లేకుండానే అడ్డం వచ్చిందని, కాబట్టి సిద్ధాంతం నిజమేనని ఆయన చెప్పాడు.

చిన్నాయన మొహం వెలిగిపోయింది. తప్పు ఆయనది కాదు, చేతిది. ఆ మాట వెంటనే చేరవేయమని నన్ను ఇంటికి ఉరికించాడు. చిన్నమ్మ కందులు చెరుగుతోంది. పసిపిల్ల గుప్పిటితో సహా అంతా చెప్పాను. చేట ఆపి విన్నది. ఆపి విన్నదంటే గెలిచామనే అనుకున్నాను.

“హకీం సాబ్ చెప్పింది నిజమే,” అంది. “చేతిల ఏదుంటె అదే. అయితె మీ చిన్నాయినను ఒక్క మాట అడుగు. పెండ్లి నాడు పంతులు పట్టిచ్చినంక, మళ్ల ఏనాడన్న నా చెయ్యి పట్టుకున్నడా? పట్టుకోని చెయ్యి ఆ పొద్దు యాడికెళ్లి వస్తది?”

ఇది మాత్రం నేను కలపకుండా, తగ్గించకుండా చేరవేశాను. చిన్నాయన చాలాసేపు తన రెండు అరచేతులూ చూసుకున్నాడు. ఆ రోజుల్లో పట్టపగలు పెళ్లాం చేయి పట్టుకున్న మగవాడు తాండూరులో ఒక్కడూ లేడు. ఎవరైనా పట్టుకుంటే జ్వరమొచ్చిందేమోనని పక్కింటివాళ్లు హకీం సాబ్‌కు కబురు పెట్టేవాళ్లు. చేయి పట్టుకుంటానని పోయి అడగడం అడవిపందికి ఎదురుపోవడం లాంటిది కాదు. అందుకని ఆయన అంతకంటే కష్టమైన దారి ఎంచుకున్నాడు. తన స్వభావాన్నే మార్చుకుంటానన్నాడు.

పథకం ఇది. ఆయన ఏమరుపాటుగా ఉన్నప్పుడు నేను ఇత్తడి తాంబాళం బండల మీద పడేయాలి. ఉలిక్కిపడ్డ ఆయన కాళ్లు చిన్నమ్మ ఎక్కడుంటే అటు పోవాలి. ఎద్దుకు బండి అలవాటు చేసి మరిపినట్టు కాళ్లను మరుపుతానన్నాడు. పదిసార్లు చేస్తే అవే నేర్చుకుంటాయట.

మొదటిసారి పడేశాను. ఒక్క దూకులో వాకిలి దాటాడు. రెండోసారి మంచం ఎక్కాడు. మూడోసారి నన్నే కావలించుకున్నాడు. నాలుగోసారి పడేసినప్పుడు అసలు కదల్లేదు, మేకు కొట్టినట్టు నిలబడిపోయాడు. ఏమైందంటే, ఎటు పోవాలో ఆలోచిస్తున్నానన్నాడు. ఆలోచిస్తే అది భయమెట్లా అవుతుందని నేను, ఆలోచించకపోతే రాయి దగ్గరికి పోతానేమోనని ఆయన. ఈ గొడవకంతా చిన్నమ్మ తల కూడా ఎత్తలేదు. తాంబాళానికి సొట్టలు పడితే ఎవరు తీయిస్తారో మీ చిన్నాయినను అడుగు, అని మాత్రం అన్నది.

అయిదో వారానికి చిన్నాయన తెలివి మీరాడు. తాంబాళం ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి, పడేలోపే ఆమె దగ్గర ఉంటే సరిపోతుందని కనిపెట్టాడు. ఇక చేను నుంచి రాగానే ఆమె చుట్టుపక్కలే తచ్చాడడం మొదలుపెట్టాడు. ఆమె వంటింట్లో ఉంటే గడప మీద, పెరట్లో ఉంటే తులసికోట పక్కన. ఊరికే నిలబడితే బాగుండదు కనుక బావి నుంచి నీళ్లు తోడేవాడు. చిక్కుడుకాయలు ఈనెలు తీసేవాడు. చిక్కుడుకాయలో తీయాల్సింది ఏదో, ఉంచాల్సింది ఏదో ఆయనకు తెలియదు. ఆమె ఆయన వంక చూడకుండా చేత్తో చూపించేది. నేను తాంబాళం పడేయడం మానేసి నెల దాటినా ఆయన చూసుకోలేదు. ఎవరూ పట్టించుకోని పరీక్షకు అంత శ్రద్ధగా చదివినవాణ్ని నేను మళ్లీ చూడలేదు. మెట్రిక్కుకు నేను అందులో సగం చదివినా ఒక్క దండయాత్రతో పోయేది.

కాని ‘ఏమయ్యా’ రాలేదు. సీతాఫలాల రోజులు వచ్చాయి. మూడు నెలలు నిండాయి. ఒకరోజు చిన్నమ్మ నన్ను పిలిచి, ఆ సవతిని ఇంట్లో నుంచి పంపేస్తే తప్ప తన మనసు కుదుటపడదని చెప్పింది. రాయి అత్తగారిది, అంటే మా నానమ్మది కాబట్టి వికారాబాదులో మా ఇంటికి తీసుకుపోయి అత్తగారికే అప్పజెప్పాలి. ఈ కబురు చిన్నాయనకు చేర్చాను. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇన్నాళ్లకు విడుదల. ఆదివారం నాకు డిపో లేదు, ముగ్గురం పొద్దుటి ప్యాసింజరుకు పోవాలనుకున్నాం. అది గంట ఆలస్యంగానే వచ్చింది. ఊరు స్థిమితంగా ఉంది.

పైరాయిని గోనెసంచిలో చుట్టి సీటు మీద తమ మధ్య పెట్టుకున్నారు. కిటికీ వైపు చిన్నమ్మ, ఇటు చివర చిన్నాయన, నడుమ సవతి. నేను ఎదురుగా కూర్చుని దారి పొడుగునా ముగ్గురినీ చూస్తూ పోయాను. నా పక్కన కూర్చున్న, కన్నడం మాట్లాడే ఒక పెద్దాయన, అది దేవుడి విగ్రహమనుకుని దిగిపోయేముందు దండం పెట్టాడు. చిన్నమ్మ పెదవి కొరుక్కుని కిటికీ బయటికి చూసింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలిసింది. ఆయనకు తెలియలేదు.

వికారాబాదు జంక్షనులో దిగాం. ముందు నేను దిగాను. తర్వాత చిన్నమ్మ. చిన్నాయన పెట్టె మెట్ల మీద నిలబడి పైరాయిని కిందికి అందించాడు. చిన్నమ్మ రెండు చేతులతో అందుకుని పొట్టకు ఆనించుకుంది. సరిగ్గా అప్పుడు, పక్క పట్టా మీద నిలబడ్డ ఇంజను ఆవిరి వదిలింది.

ఇంజను ఆవిరి వదలడం కొత్త కాదు. కాని ఆ రోజు అది ఎన్నాళ్లనుంచో దాచుకున్న కోపమంతా ఒక్కసారి కక్కినట్టు వదిలింది. ప్లాట్‌ఫారమంతా తెల్లగా కమ్ముకుంది. పక్కమనిషి కనిపించలేదు. సీతాఫలాల గంపలవాళ్లు అరిచారు, గంపలు దొర్లాయి, పళ్లు కాళ్ల కింద పడ్డాయి. ఎవరో ఉరికారు. ఇంకెవరో ఉరికారు. అంతే, మళ్లీ మిట్టనాటి కథే.

ఆ తెలుపులోంచి మొదట బయటికొచ్చింది మా చిన్నమ్మ. కొంగు జారి, జడ ఊడి, గేటు వైపు ఉరికి వస్తోంది. చేతుల్లో పైరాయి ఉంది. పసిపిల్లను పొదువుకున్నట్టు పొదువుకుంది. గోనెసంచి ఎక్కడో రాలిపోయి, పసుపూ కుంకుమతో సహా సవతి ఆమె గుండెల మీద ఉంది.

ఆమె వెనక చిన్నాయన. రెండు చేతులూ ముందుకు చాచి, ఖాళీ చేతులతో, సంచీ, గొడుగు, చెప్పులు అన్నీ రైలు దగ్గరే వదిలేసి ఆమె వైపే ఉరికొస్తున్నాడు.

గేటు దగ్గరికొచ్చి ఆమె ఆగింది. ఆవిరి విడిపోయింది. ఇంజను తన పాటికి తాను నిలబడి ఉంది, దానికేం తెలియనట్టు. చిన్నమ్మ వెనక్కి తిరిగి మొగుడిని చూసింది. తర్వాత తలవంచి తన చేతుల్లో ఏముందో చూసుకుంది. చిన్నాయన ఎదురుగా వగరుస్తూ నిలబడ్డాడు. ఆయన ఏదైనా అనాల్సిన సమయం ఏదైనా ఉందంటే అదే. మూడు నెలల సరుకు ఆయన దగ్గర ఉంది. నేనైతే కనీసం ఆరు మాటలు అనేవాణ్ని, నాకు నోటికి వచ్చేశాయి కూడా. ఆయన ఏమీ అనలేదు. నవ్వనూ లేదు. దెబ్బ తగిలిందేమోనని ఆమె కాళ్ల వంక చూశాడు.

“ఏమయ్యా,” అంది చిన్నమ్మ. “అట్ల సూస్తవేంది? పట్టు. బరువున్నది.”

చిన్నాయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక రెండు చేతులూ చాచి రాయి పట్టుకున్నాడు. రాయి కింద ఆమె చేతులు ఉన్నాయి. వాటితో సహా పట్టుకున్నాడు. పట్టపగలు, జంక్షను గేటు దగ్గర, టికెట్లు అడిగే మనిషి ఎదురుగా. టికెట్ల ఆయన మర్యాదస్తుడు, పక్కకు తిరిగి దగ్గాడు.

“చెయ్యి తియ్యి, నేనెట్ల ఇడువాలె?” అంది.

“ఇడువకు,” అన్నాడు చిన్నాయన.

ఇద్దరూ రాయిని చెరోవైపు పట్టుకుని ఇంటిదాకా నడిచారు. దారి పొడుగునా జనం చూశారు. వదిలేసిన సంచీ, గొడుగు, చెప్పులు నేను పోయి తెచ్చాను.

నానమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. రాయిని దించుతుంటే చూసి, సంగతంతా విన్నది. ఎవరు ఎవరిని వదిలి ఉరికారన్నది ఆమెకు పట్టలేదు.

“పైరాయి ఒక్కటే తెచ్చినవు. కిందిరాయేది బిడ్డా?” అని చిన్నమ్మను అడిగింది. “ఉత్త పైరాయి నేనేం జేసుకోను? తలగడ పెట్టుకోనా?”

చిన్నమ్మ కోపమంతా పైరాయి మీదే కాబట్టి, కిందిరాయి ఎవరి మనసులోకీ రాలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర చిన్నమ్మ మొగుడికి చారు పోస్తూ, నా వైపు తిరగకుండా, ఇంకొంచెం పొయ్యాల్నా అని ఆయననే అడిగింది. నా ఉద్యోగం పోయిందని అప్పుడు అర్థమైంది. సాయంత్రం బండికి పైరాయి మళ్లీ తాండూరు బయల్దేరింది. ఈసారి అది కిటికీ వైపు ఉంది. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు చిన్నాయన ఈ కథ చెప్పేవాడు. పంది కథ వెనకపడిపోయింది. కథలో ఇంజను పేలిపోయేది, ప్లాట్‌ఫారం వణికేది, ప్రపంచమంతా ఒకవైపు ఉరుకుతుంటే ఆయన ఒక్కడూ పెళ్లాం వైపు ఉరికేవాడు. తాంబాళంతో మరిపితే కాళ్లు ఎట్లా నేర్చుకున్నాయో చూడండి అని ముగించేవాడు. చిన్నమ్మ కాదనేది కాదు. కందులు విసురుతూ వినేది. పైరాయికి బొట్టు పెట్టడం ఆమె ఎప్పుడూ మానలేదు, పండుగలప్పుడు పువ్వు కూడా పెట్టేది.

ఒక్క సంగతి నేను వాళ్లకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ ప్లాట్‌ఫారం మీద బయటికి దారి ఒక్కటే. చిన్నమ్మ ఉన్న వైపే గేటు కూడా ఉంది. ఆయన కాళ్లు ఆమె కోసం ఉరికాయో, గేటు కోసం ఉరికాయో కాళ్లకే తెలియాలి. చేతులు మాత్రం చాచి ఉన్నాయి, అది నేను కళ్లారా చూశాను. ఇంత తేటగా ఎట్లా కనిపించిందని మీకు అనుమానం రావచ్చు. నేను అప్పటికే గేటు అవతల ఉన్నాను.